తాళం తిప్పితే సగం చుట్టు తిరిగి ఆగిపోతున్న పాత రైడింగ్ మోవర్: స్టార్టర్ మార్చాలా, బండే మార్చాలా?

ఒహాయో_ఎకరం:

అందరికీ నమస్కారం. మేం కొలంబస్ శివార్లలో ఉంటాం. స్థలం ఎకరానికి కొంచెం తక్కువ. ఇల్లు కొన్నప్పుడు పాత ఓనర్ తన రైడింగ్ మోవర్‌ని, అంటే కూర్చుని నడిపే గడ్డి కోసే బండిని, షెడ్డులోనే వదిలేసి వెళ్ళారు. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లుండే కింది భాగం), 17.5 హార్స్ పవర్, ఒంటి సిలిండర్ ఇంజన్. ఇంజన్ మీద మోడల్, టైపు పక్కన ఉన్న కోడ్ నంబరు 08తో మొదలవుతోంది, అంటే 2008లో తయారైనదట. ఇన్నాళ్ళూ ఆయిల్, ఫిల్టర్ మార్చుకుంటూ వాడుకున్నాం, పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

ఈ ఏడాది చలికాలం పోయాక బయటికి తీస్తే కొత్త సమస్య వచ్చింది. తాళం తిప్పగానే ఇంజన్ సగం చుట్టు తిరుగుతుంది, ఎక్కడో అడ్డం పడ్డట్టు టక్కున ఆగిపోతుంది. తాళం అలాగే పట్టుకుంటే స్టార్టర్ మూలుగుతుంది తప్ప ఇంజన్ కదలదు. వదిలేసి మళ్ళీ తిప్పితే ఒక్కోసారి ఆ అడ్డు దాటుకుని చక్కగా స్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి ఎన్నిసార్లు తిప్పినా అంతే. స్టార్ట్ అయితే మాత్రం పొగ లేదు, పవర్ తగ్గలేదు, గడ్డి బాగానే కోస్తుంది.

బ్యాటరీ పాతదని కొత్తది వేశాను, తేడా లేదు. బ్యాటరీ కరెంటుని స్టార్టర్‌కి కలిపే సాలినాయిడ్ మార్చాను, తేడా లేదు. దగ్గర్లో ఒక రిపేర్ షాపుకి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే, స్టార్టర్ పోయి ఉంటుంది, పాత ఇంజన్ కదా లోపల ఇంకేమైనా ఉండొచ్చు, అన్నీ కలిపి 600 డాలర్లు దాటొచ్చు అన్నారు. పైగా మూడు వారాలు ఆగాలట. మే నెలలో మూడు వారాలు ఆగితే గడ్డి మోకాళ్ళ దాకా వస్తుంది, టౌన్‌షిప్ వాళ్ళు నోటీసు అంటిస్తారు.

స్టార్టర్ నేనే కొని వేసుకోవచ్చా? లేక ఇంత పాత బండి మీద ఇంకా డబ్బు పెట్టడం దండగా? బోల్టులు విప్పి బిగించడం వచ్చు, మల్టీమీటర్ ఉంది, కానీ ఇంజన్ లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు.


షార్లెట్_సుబ్బు:

స్టార్టర్ ఇప్పుడే కొనకండి బ్రదర్. మల్టీమీటర్ ఉందంటున్నారు కదా, ముందు దాన్ని వాడండి. ఇలాంటి బండ్ల మీద జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది కొలవకుండా సామాను మార్చడం వల్లే. బ్యాటరీ, సాలినాయిడ్, స్టార్టర్, ఆఖరికి కేబుళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి కొంటూ పోతారు, చివరికి అసలు కారణం వేరే చోట ఉంటుంది.

బ్యాటరీ కొత్తదైనా సరే ఛార్జ్ చూడండి. రెండు మూడు గంటలు ఊరకే ఉంచిన బ్యాటరీలో 12.6 వోల్టులు ఉండాలి, 12.2 కంటే తక్కువుంటే ముందు ఛార్జర్ పెట్టండి. తర్వాత ఎవరినైనా తాళం తిప్పమని, తిప్పుతుండగా బ్యాటరీ మీద ఎంత చూపిస్తుందో చూడండి. 9.5 లేదా 10 కంటే కిందికి పడిపోతే ఒకటి బ్యాటరీ బలహీనమైనా అయ్యుండాలి, లేదా ఇంజన్ స్టార్టర్‌ని అంత గట్టిగా అడ్డుకుంటూనైనా ఉండాలి. ఆటోజోన్ లాంటి చోట్ల బ్యాటరీని లోడ్ పెట్టి ఉచితంగానే టెస్ట్ చేసి ఇస్తారు, తీసుకెళ్తే ఆ అనుమానం తీరిపోతుంది.

ఆ తర్వాతది చాలామంది చేయరు. మీటర్ రెండు కొసలనూ సాలినాయిడ్ మీదున్న రెండు లావు బోల్టుల మీద పెట్టండి. తాళం తిప్పకముందు 12 చూపిస్తుంది, తిప్పుతుండగా దాదాపు సున్నాకి రావాలి. అర వోల్టు కంటే ఎక్కువ మిగిలితే సాలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయినట్టు. కొత్తది వేశానన్నారు కాబట్టి ఇక్కడ సమస్య ఉండకపోవచ్చు, అయినా చూడండి. అలాగే బ్యాటరీ నెగటివ్ మొన మీద ఒక కొస, ఇంజన్ బ్లాక్ మీద రంగు లేని చోట ఇంకో కొస పెట్టి, తిప్పుతుండగా చూడండి. 0.3 కంటే తక్కువ ఉండాలి. ఎక్కువుంటే నెగటివ్ కేబుల్ ఛాసీకి బిగించిన చోట తుప్పు పట్టి ఉంటుంది. విప్పి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. షెడ్డులో చెమ్మకి ఆ ఒక్క బోల్టు దగ్గర తుప్పు పట్టి ఇంజన్ తిరగని బండ్లు నేను చాలా చూశాను.

చివరిగా, స్పార్క్ ప్లగ్ విప్పేసి, ప్లగ్ వైరుని ఇంజన్ లోహానికి ఆనించి, మొహం దూరంగా పెట్టి తాళం తిప్పండి. రెండు విషయాలు గమనించండి. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోలు చిమ్ముతుందా? అలా అయితే కార్బురేటర్‌లో పెట్రోలు రాకుండా ఆపే నీడిల్ వాల్వ్ కారి సిలిండర్ నిండిపోయింది. ఆయిల్ కర్ర తీసి వాసన చూడండి, పెట్రోలు వాసన వస్తే ఆయిల్ మార్చకుండా అస్సలు నడపొద్దు. ఏమీ చిమ్మకుండా ఇంజన్ గిర్రున తిరిగిందా? అయితే స్టార్టర్ బాగానే ఉన్నట్టు, కథ వేరే. ఏం వచ్చిందో ఇక్కడ రాయండి.


ఒహాయో_ఎకరం:

చాలా థాంక్స్ అండీ. ఈ సాయంత్రమే అన్నీ చూశాను. బ్యాటరీ 12.7, తిప్పుతుండగా, ఇంజన్ ఆగిపోయిన క్షణంలో 9.8. సాలినాయిడ్ మీద 0.1. నెగటివ్ వైపు 0.2. ప్లగ్ తీసేస్తే ఇంజన్ ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరిగింది, పెట్రోలు చిమ్మలేదు, ఆయిల్‌లో వాసన లేదు. ప్లగ్ పెట్టగానే మళ్ళీ సగం చుట్టు, టక్. అంటే స్టార్టర్ మంచిదేనా? మరి ప్లగ్ పెడితే ఎందుకు ఆగుతోంది?


తెనాలి_టు_టెక్సస్:

స్టార్టర్ మంచిదే అండీ. మీరిచ్చిన కొలతలు చూస్తే జబ్బు దాదాపు తెలిసిపోయినట్టే. ఇది కరెంటు సమస్య కాదు, వాల్వుల సమస్య. మన ఊళ్ళలో బైక్ మెకానిక్‌లు చేసే ట్యాపెట్ సెట్టింగే, అంటే వాల్వుల దగ్గర సందు సరిచేయడమే, దీనికి మందు.

ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే పని సులువు. మీలో ఎవరికైనా పొలంలో పాత ఆయిలింజను హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేయడం గుర్తుంటే, పైన ఒక చిన్న లీవర్ ఉండేది. దాన్ని ఎత్తిపట్టి హ్యాండిల్ తిప్పి, ఫ్లైవీల్ ఊపందుకోగానే లీవర్ వదిలేసేవాళ్ళు. లీవర్ ఎత్తకుండా మొనగాడు కూడా ఆ ఇంజన్‌ని తిప్పలేడు. లీవర్ వాల్వుని కొంచెం తెరిచి ఉంచి సిలిండర్‌లో గాలి బిగుసుకోకుండా చేసేది. మీ మోవర్ ఇంజన్‌లో అదే పని దానంతట అది జరుగుతుంది. వాల్వుల్ని తెరిపించే కామ్‌షాఫ్ట్ మీద ఒక చిన్న గుబ్బ ఉంటుంది. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది బయటికి పొడుచుకొచ్చి వాల్వుని, చాలా ఇంజన్లలో పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వుని, వెంట్రుకవాసి ఎత్తుతుంది. స్టార్టర్ మీద భారం తగ్గుతుంది. ఇంజన్ అందుకుని వేగం పెరగగానే ఆ గుబ్బ వెనక్కి తప్పుకుంటుంది, పూర్తి కంప్రెషన్ వస్తుంది.

ఆ గుబ్బ ఎత్తేదే చాలా తక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ వాల్వుని నొక్కే రాకర్ ఆర్మ్‌కీ వాల్వ్ కాడకీ మధ్య సందు పెరిగిపోతే, గుబ్బ ఎత్తిన ఆ కాస్తా సందు నిండడానికే సరిపోతుంది, వాల్వ్ తెరుచుకోదు. అప్పుడు స్టార్టర్ పూర్తి కంప్రెషన్‌ని తోయాల్సి వస్తుంది, సగం చుట్టులో ఆగిపోతుంది. ప్లగ్ తీస్తే గాలికి దారి దొరుకుతుంది కాబట్టి గిర్రున తిరుగుతుంది. స్టార్ట్ అయ్యాక బాగా నడుస్తోందని మీరన్నారు చూడండి, అది కూడా దీనికి సరిగ్గా సరిపోతుంది.

పని ఇలా చేయండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా ఉంచితే మేలు. బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. ప్లగ్ తీసేయండి. సిలిండర్ కొసన వాల్వ్ కవర్ ఉంటుంది, చుట్టూ దుమ్మూ ఎండుగడ్డీ బ్రష్‌తో తుడిచాకే బోల్టులు విప్పండి, ఒక్క గడ్డి పోచ కూడా లోపల పడకూడదు. కవర్ తీయగానే రెండు రాకర్లు పక్కపక్కన కనిపిస్తాయి. మఫ్లర్ వైపుకి వెళ్ళేది ఎగ్జాస్ట్, కార్బురేటర్ వైపుది ఇన్‌టేక్.

ఇప్పుడు ప్లగ్ రంధ్రంలో ఒక ప్లాస్టిక్ స్ట్రా పెట్టండి. ఇనుప వస్తువు పెట్టొద్దు, లోపల విరిగినా గీత పడినా కష్టం. ఇంజన్ పైన తిరిగే జాలీని చేత్తో మెల్లగా గడియారం ముళ్ళు తిరిగే వైపు తిప్పండి. స్ట్రా బయటికి వస్తూ వస్తూ ఒకచోట ఆగి మళ్ళీ లోపలికి పోవడం మొదలవుతుంది. అది పిస్టన్ పైకొస. ఆ సమయంలో రెండు వాల్వులూ మూసుకుని ఉండాలి. రాకర్లు కదులుతుంటే అది వేరే స్ట్రోక్, ఇంకో చుట్టు తిప్పండి. కంప్రెషన్ స్ట్రోక్ పైకొస దాటాక ఇంకో పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికి దిగేదాకా తిప్పి అక్కడ ఆపండి. ఈ పావు అంగుళం ముఖ్యం. సరిగ్గా పైకొస దగ్గర కొలిస్తే ఆ గుబ్బ ఇంకా వాల్వుని ముట్టుకుని ఉండొచ్చు, కొలత తప్పుతుంది.

అక్కడ ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్నటి రేకుల ఆకులు, పెట్టి కొలవండి. ఈ తరహా ఒంటి సిలిండర్ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్లలో చాలావాటికి ఇన్‌టేక్ 0.003 నుంచి 0.005 అంగుళాలు, ఎగ్జాస్ట్ 0.005 నుంచి 0.007. మీ మోడల్ నంబరుతో మాన్యువల్ వెతికి ఒకసారి సరిచూసుకోండి, అన్ని ఇంజన్లకీ ఒకటే ఉండదు. రాకర్ మధ్యలో ఉన్న నట్టుని, దాని నడుమ ఉన్న లాక్ స్క్రూని వదులు చేసి, గేజ్ ఆకు సందులోంచి లాగితే కొంచెం పట్టుకుని జారేలా బిగించండి. వెన్నలో కత్తిలా జారిపోకూడదు, బలవంతంగా లాగాల్సి రాకూడదు. లాక్ బిగించేటప్పుడు కొలత మారిపోతుంది, బిగించాక తప్పకుండా మళ్ళీ చూడండి. తర్వాత చేత్తో రెండు చుట్లు తిప్పి అదే చోటికి తెచ్చి ఇంకోసారి కొలవండి.

కవర్ పెట్టేముందు రాకర్లని తోసే రెండు పుష్ రాడ్లనూ వేలితో తిప్పి చూడండి. నిటారుగా ఉన్నది తడబడకుండా తిరుగుతుంది, వంగింది తిరిగేటప్పుడు ఊగుతుంది. వంగితే మార్చాల్సిందే, ఖరీదేమీ కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కొలత సరిచేశాక కూడా అలాగే ఆగుతుంటే అప్పుడు కామ్‌షాఫ్ట్ మీద ఆ గుబ్బే విరిగిందని అనుమానించాలి. దానికి ఇంజన్ దించి అడుగు విప్పాలి, అది పెద్ద పని. కానీ అంతదాకా వెళ్ళకపోవచ్చని నాకు నమ్మకంగా ఉంది.


జెర్సీ_రవి:

అన్నా, అంతా బాగుంది కానీ 2008 బండి కోసం ఇంత అవసరమా? కొత్తది 2,000 డాలర్ల పైచిలుకు, ఇప్పుడు బ్యాటరీవి కూడా వస్తున్నాయి, ఆయిల్ గొడవే ఉండదు. నా దగ్గర కూడా పాతదే ఉండేది, సీటు కింద స్విచ్ ఊరికే పాడై మధ్యమధ్యలో ఆగిపోయేది, వైరు ముక్క పెట్టి కలిపేసి నడిపాను, తర్వాత అమ్మేశాను.


తెనాలి_టు_టెక్సస్:

రవి గారూ, కొత్తది కొనుక్కోవడం ఎవరిష్టం వాళ్ళది, అందులో తప్పేం లేదు. కానీ నడుస్తున్నప్పుడు పొగ రాని, పవర్ తగ్గని ఇంజన్‌ని ఒక ఫీలర్ గేజ్‌తో సరిచేయగలిగినప్పుడు పారేయమని నేను చెప్పలేను.

సీటు స్విచ్ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. చదువుతున్నవాళ్ళు దయచేసి అలా కలపొద్దు. మోవర్ బ్లేడు కొస గంటకి 200 మైళ్ళ దాకా వేగంతో తిరుగుతుంది. మనిషి సీటు మీంచి పడిపోతే ఇంజన్ ఆగేది ఆ స్విచ్ వల్లే. పాడైతే కొత్తది వేయండి, చాలావరకు 10, 20 డాలర్ల సామాను. మనవాళ్ళు సరదాగా పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిప్పుతుంటారు, ఫోటోలు తీస్తారు. అది కూడా వద్దు. అమెరికన్ పిల్లల డాక్టర్ల సంఘం రైడింగ్ మోవర్ నడపడానికి 16 ఏళ్ళు నిండాలంటుంది, పక్కన కూర్చోబెట్టుకుని తిప్పడం అసలే వద్దంటుంది. ఆరేళ్ళలోపు పిల్లలు గడ్డి కోస్తున్నంతసేపూ ఇంట్లోనే ఉండాలి. వెనక్కి తీసేటప్పుడు వెనకాల ఎవరున్నారో కనపడదు, బండి చప్పుడుకి అరుపు కూడా వినపడదు.


షార్లెట్_సుబ్బు:

అదే నా మాట కూడా. ఇంకోటి, డెక్ కిందికి చెయ్యి పెట్టే ఏ పనికైనా ముందు ప్లగ్ వైరు ఊడదీసి పక్కకి కట్టేయండి. తాళం తీశాం కదా అని వదిలేయొద్దు. బ్లేడు చేత్తో తిప్పినా ఇంజన్ తిరిగే అవకాశం ఉన్న బండ్లున్నాయి.


ఒహాయో_ఎకరం:

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాను, మా నాన్నగారు పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఇక్కడికి వచ్చి నెల అయింది. ఆయిలింజను లీవర్ సంగతి చదివి వినిపిస్తే కుర్చీలోంచి లేచి వచ్చేశారు.

ఇన్‌టేక్ 0.006 ఉంది, కొంచెమే ఎక్కువ. ఎగ్జాస్ట్ దగ్గర మాత్రం 0.014 ఆకు కూడా వదులుగా దూరింది. మాన్యువల్‌లో నా మోడల్‌కి మీరు చెప్పిన కొలతలే ఉన్నాయి. రెండూ సరిచేసి, లాక్ బిగించి మళ్ళీ చూస్తే ఎగ్జాస్ట్ కొంచెం జరిగింది, విప్పి మళ్ళీ పెట్టాను. పుష్ రాడ్లు నిటారుగానే ఉన్నాయి. కవర్ గాస్కెట్ చిరిగిపోయి ఉంటే కొత్తది కొని వేశాను.

తాళం తిప్పగానే ఏ అడ్డూ లేకుండా తిరిగి స్టార్ట్ అయింది. ఆపి, స్టార్ట్ చేసి, వేడెక్కాక కూడా చూశాను, ఒక్కసారి కూడా ఆగలేదు. పాత సాలినాయిడ్ కూడా బాగానే ఉందన్నమాట, దాచిపెట్టాను. మీ ఇద్దరికీ నిజంగా చాలా రుణపడి ఉన్నాను.

ఇప్పుడు ఇంకొకటి అడగాలి. స్టార్ట్ అయ్యాక లోడ్ లేనప్పుడు ఇంజన్ చప్పుడు పెరిగి తగ్గి, పెరిగి తగ్గి, ఊయలలా ఊగుతోంది. చోక్ సగం లాగితే నిలకడగా ఉంటుంది. బ్లేడ్లు వేస్తే సర్దుకుంటుంది. కానీ అరగంట కోశాక మెల్లగా నీరసించి ఆగిపోయింది, పది నిమిషాలు ఆగితే మళ్ళీ స్టార్ట్ అయింది. ఇది కూడా వాల్వులేనా?


షార్లెట్_సుబ్బు:

సంతోషం బ్రదర్. ఇది వాల్వులు కాదు, పెట్రోలు దారి. చోక్ లాగితే నిలకడ వస్తోందంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతోంది. చలికాలమంతా ట్యాంకులో పాత పెట్రోలు ఉండిపోయిందా? ఇక్కడ మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది చెమ్మ పీలుస్తుంది. నెలలు నిలవ ఉంటే కార్బురేటర్‌లోని సన్న దారుల్లో పసుపుపచ్చ జిగురు పేరుకుంటుంది. లోడ్ లేనప్పుడు పెట్రోలు అందించే చిన్న జెట్ రంధ్రం సన్నగా ఉంటుంది కాబట్టి అదే ముందు మూసుకుంటుంది.

అయితే కార్బురేటర్ విప్పేముందు ఆగిపోయే సంగతి తేల్చండి, అది పైసా ఖర్చు లేని పని. ఈసారి ఆగిపోగానే పెట్రోలు ట్యాంకు మూత వదులు చేయండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించి, వెంటనే స్టార్ట్ అయితే మూతలో గాలి రంధ్రం పూడిపోయింది, మూత మార్చండి. మూత వదులు చేసినా స్టార్ట్ కాకపోతే, ఇంజన్ ఇంకా వేడిగా ఉండగానే స్పార్క్ టెస్టర్ పెట్టి ప్లగ్ దగ్గర నిప్పు వస్తోందో లేదో చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, వేడెక్కాక నిప్పు ఆగిపోయే కాయిల్స్ ఉంటాయి, చల్లారాక చూస్తే ఏమీ తెలియదు. నిప్పు ఉంటే ఫిల్టర్, ట్యూబు చూడండి. ఆ వయసు బండిలో రబ్బరు ట్యూబు లోపలి పొర ఊడి దారికి అడ్డం పడుతుంది, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. రెండూ మార్చేయడం మంచిది, ఫిల్టర్ మీద బాణం కార్బురేటర్ వైపుకి ఉండాలి.

తర్వాత కార్బురేటర్. ట్యాంకు ఖాళీ చేసి పాత పెట్రోలు డబ్బాలో పట్టండి. కార్బురేటర్ కింది గిన్నె బోల్టు విప్పండి. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టు చోట పెట్రోలుని ఆపే చిన్న సాలినాయిడ్ (స్టార్టర్‌ది కాదు, వేరేది) ఉంటుంది, తాళం వేస్తే క్లిక్‌మనాలి, అనకపోతే అది కూడా అనుమానించాలి. గిన్నెలో ఎర్రటి మడ్డి, నీటి బొట్లు కనిపిస్తే కారణం దొరికినట్టే. జెట్లు విప్పి వెలుగుకి ఎదురుగా పెట్టి చూడండి, రంధ్రం గుండ్రంగా కనపడాలి. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో గుచ్చండి, గట్టి ఇనుప తీగ పెడితే రంధ్రం పెద్దదై కొత్త తలనొప్పి వస్తుంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సరిగ్గా కంట్లోకి చిమ్ముతుంది. విప్పేముందు గవర్నర్ స్ప్రింగులు ఏ రంధ్రంలో తగిలించి ఉన్నాయో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, అది మారితే ఇంజన్ వేగమే మారిపోతుంది. బిగించాక ఒకటి రెండు రోజులు పొద్దున్నే ఆయిల్ కర్ర చూడండి, మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే నీడిల్ సరిగ్గా కూర్చోలేదని అర్థం.

ఇక నుంచి 10 శాతం కంటే ఎక్కువ ఇథనాల్ ఉన్న పెట్రోలు పొరపాటున కూడా పోయొద్దు, కొన్ని స్టేషన్లలో 15 శాతంది పక్క గొట్టంలోనే ఉంటుంది, చూసి పట్టండి.


ఒహాయో_ఎకరం:

మూతే అండీ. వదులు చేయగానే బుస్సుమంది, తాళం తిప్పగానే అందుకుంది. కొత్త మూత ఆర్డర్ పెట్టాను. గిన్నె కూడా విప్పాను, అడుగున సన్నటి ఎర్ర మడ్డి ఉంది, చిన్న జెట్ దాదాపు మూసుకుపోయి ఉంది. రాగి పోగుతో శుభ్రం చేసి, ట్యూబు, ఫిల్టర్ మార్చి పెట్టాను. ఊగడం పోయింది, చోక్ లేకుండా నిలకడగా నడుస్తోంది. నిన్న వెనక పెరడంతా ఆగకుండా కోశాను. ఈ పొద్దున ఆయిల్ కర్ర చూశాను, మట్టం అలాగే ఉంది, వాసన లేదు.